ఇరుసుకు రెండు చుక్కల నూనె

డిసెంబరు, జనవరి నెలల్లో, ఢిల్లీ పక్కనే ఉత్తరప్రదేశ్‌లో ఉన్న ఇందిరాపురం ఆలస్యంగా మేలుకుంటుంది. పొగమంచు పలచబడి, తొమ్మిదింటికో పదింటికో కాస్త ఎండ పొడ కనిపించాక, అపార్టుమెంట్ల మధ్య ఖాళీ జాగాల్లోకీ, స్వర్ణజయంతి పార్కు దారుల్లోకీ పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వస్తారు. ఉన్ని టోపీలు, మఫ్లర్లు, శాలువాలు. ఎండ ఎటు జరిగితే బెంచీల మీది మనుషులూ అటే జరుగుతుంటారు.

వాళ్ళలో ఒకరిద్దరు చక్రాల కుర్చీల్లో వస్తారు. కొన్నిసార్లు మనిషి కనపడక ముందే కుర్చీ వినపడుతుంది. ముందు చక్రం కిర్రుమంటూ ఉంటుంది. పాదాలు పెట్టుకునే పలక వదులై టకటకమంటుంది. తోసేవారు ఆ చప్పుడుకు ఎప్పుడో అలవాటుపడి ఉంటారు. కూర్చున్నవారు మాత్రం ఎవరికైనా ఇబ్బందిగా ఉందేమోనని ఒకసారి చుట్టూ చూస్తారు.

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన సామెత. ఎడ్లబండ్ల కాలంలో ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసేవారు. దాన్ని వెదురు గొట్టంలో పోసి బండికే వేలాడదీసుకునేవారు. దూరం పోవాల్సిన రోజు ఎడ్లకు నీళ్ళు పెట్టడం, ఇరుసుకు కందెన రాయడం పక్కపక్కనే జరిగే పనులు. ఎడ్లకు బరువు తగ్గించే దారి అదే కనుక, ఎవరూ చెప్పకుండానే చేసేవారు.

ఆ బండ్లను చూసిన తరంవారే ఇప్పుడు ఈ కుర్చీల్లో కూర్చుంటున్నారు. పిల్లలు నోయిడాలోనో ఢిల్లీలోనో ఉద్యోగాలు చేస్తూ ఇక్కడ ఇల్లు చూసుకున్నారు. అమ్మానాన్నలు గుంటూరు నుంచో, రాజమండ్రి నుంచో, వరంగల్ నుంచో రైలెక్కి వచ్చారు. న్యాయ్ ఖండ్, నీతి ఖండ్, అహింసా ఖండ్, అభయ్ ఖండ్... ఇక్కడి పేటల పేర్లన్నీ ఇలా పెద్ద మాటలే. వాటిలో ఏదో ఒక ఖండ్‌లో, ఏదో ఒక అంతస్తులో, బాల్కనీ తలుపు పక్కన మడతపెట్టిన చక్రాల కుర్చీ ఒకటి గోడకు ఆనుకుని ఉంటుంది.

ఆ ఇంట్లో మిగతా యంత్రాలన్నిటికీ ఒక తేదీ ఉంటుంది. మంచినీళ్ళ ఫిల్టరుకు మళ్ళీ ఎప్పుడు మార్చాలో రాసిన చీటీ అంటించి ఉంటుంది. ఏప్రిల్ రాకముందే ఏసీకి మనిషి వస్తాడు. దీపావళి దగ్గర పడుతుంటే గాలి శుద్ధిచేసే యంత్రం జాలీ దులుపుతారు. లిఫ్టుకు నెలనెలా మెకానిక్ వచ్చి సంతకం పెట్టి వెళతాడు. చక్రాల కుర్చీకి మాత్రం అలాంటి తేదీ ఏదీ ఉండదు. కావాలని వదిలేశారని కాదు. అది కుర్చీ కనుక, బల్లలూ మంచాలతోపాటు ఇంటి సామానులో కలిసిపోతుంది.

కాస్త పరిశీలించి చూస్తే దానిలో ఎంత పని ఉందో తెలుస్తుంది. వెనక రెండు పెద్ద చక్రాలు, మామూలుగా 24 అంగుళాలవి. వాటికి సైకిలు చక్రాలకున్నట్టే చువ్వలు. చేత్తో తోసుకోవడానికి పక్కనే మరో రింగు. ముందు ఎటు కావాలంటే అటు తిరిగే రెండు చిన్న చక్రాలు. సీటు కింద ఎక్స్ ఆకారంలో బిగించిన రెండు గొట్టాలు. బ్రేకులు, చేతులు ఆన్చే పట్టీలు, పాదాల పలకలు, పదుల సంఖ్యలో నట్లూ బోల్టులూ. రోజంతా ఒక మనిషి బరువును మోస్తూ, గడపలు దాటుతూ, లిఫ్టు తలుపులకు తగులుతూ, కంకర దారుల్లో ఎగిరిపడుతూ పనిచేసే బండి అది.

ఈ బండి కథ మొదట్నుంచీ మరమ్మతు తెలిసిన చేతులతోనే ముడిపడి ఉంది. జర్మనీలోని నూరెంబర్గ్ దగ్గర స్టీఫన్ ఫార్ఫ్లర్ అనే గడియారాల పనివాడు ఉండేవాడు. అతనికి నడక లేదు. 1655లో తనకోసం తానే చేతులతో తిప్పుకునే మూడు చక్రాల బండి తయారుచేసుకున్నాడు. పళ్ళచక్రాలతో ఎలా మెలగాలో తెలిసినవాడు కనుక, ఆ తెలివినే తన నడకకు వాడుకున్నాడు.

ఇప్పుడు మన ఇళ్ళలో కనిపించే మడత కుర్చీ 1933 నాటిది. అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే ఇంజినీరు 1918లో గని ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడక కోల్పోయాడు. అప్పటి కుర్చీలు బరువైనవి, కారులో పట్టేవి కావు. అతని స్నేహితుడు హ్యారీ జెన్నింగ్స్ కూడా ఇంజినీరే. ఇద్దరూ కలిసి ఉక్కు గొట్టాలతో మడతపడే కుర్చీ చేశారు. స్నేహితుడు ఇంట్లోనే ఉండిపోకూడదన్న ఆలోచనతో పుట్టిన ఆ ఎక్స్ ఆకారపు గొట్టాలే ఈరోజు మన బాల్కనీల్లోని కుర్చీల కిందా ఉన్నాయి.

అటువంటి బండి అడిగేది చాలా తక్కువ. మొదట కాస్త గాలి.

గాలి టైర్లున్న కుర్చీ అయితే బొటనవేలితో గట్టిగా నొక్కి చూస్తే చాలు. కొద్దిగా లోపలికి పోవాలి, అర సెంటీమీటరుకు మించకూడదు. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది. గాలి తగ్గితే తోయడానికి ఎక్కువ బలం కావాలి. సొంతంగా తోసుకునేవారికైతే ఆ భారమంతా భుజాల మీద పడుతుంది. ఒక టైరులో ఎక్కువ, ఒకదానిలో తక్కువ ఉంటే బండి ఒక పక్కకు లాగుతుంది.

గాలికీ బ్రేకుకూ ఉన్న సంబంధం చాలామందికి తట్టదు. చక్రాల కుర్చీ బ్రేకు టైరును నొక్కి పట్టుకుంటుంది. టైరు మెత్తబడితే బ్రేకు వేసినా పట్టు ఉండదు. మంచం మీద నుంచి కుర్చీలోకి మారేటప్పుడు కుర్చీ జరిగిపోయేది అప్పుడే. ఢిల్లీ చలికి టైరులో గాలి ఒత్తిడి తగ్గుతుంది. కనుక చలికాలంలో ఈ బొటనవేలి పరీక్ష మరికాస్త తరచుగా చేయాలి. ఆ బ్రేకు ఆగి ఉన్న కుర్చీని ఆగినచోటే ఉంచడానికి. వాలులో వేగం తగ్గించడానికి దాన్ని వాడితే టైరూ పాడవుతుంది, మనిషీ ముందుకు తూలిపోతారు.

తరవాత ముందు చక్రాలు. ఇంట్లో రాలిన వెంట్రుకలు, చీర అంచు దారాలు, ఉన్ని పోగులు అన్నీ చివరికి అక్కడికే చేరతాయి. చక్రానికీ పట్టీకీ మధ్య ఇరుసుకు చుట్టుకుని బిగుసుకుంటాయి. బండి బరువెక్కుతోంది అనుకుంటాం, నాన్నగారు ఒళ్ళు చేశారేమో అనుకుంటాం. చిన్న కత్తెర, పట్టకారు తీసుకుని ఆ పోగులు లాగేస్తే చక్రం మళ్ళీ తేలిగ్గా తిరుగుతుంది. ఇది ముఖ్యమైన పని. ముందు చక్రం ఉన్నట్టుండి బిగుసుకుంటే కూర్చున్న మనిషి ముందుకు పడే ప్రమాదం ఉంది.

ఇక నూనె. మన తెలుగిళ్ళలో దేనికైనా ముందు చేతికొచ్చేది కొబ్బరినూనె సీసా. తలుపు కిర్రుమన్నా అదే, తాళం బిగిసినా అదే. ఊళ్ళో అది కొంతవరకు చెల్లుతుంది. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఢిల్లీలో నవంబరు వచ్చిందంటే సీసాను ఎండలో పెడితే తప్ప తలకు రాసుకోలేం. ఇరుసులోనూ అదే జరుగుతుంది. అక్కడ పేరుకుని, ఇక్కడి దుమ్మును పట్టుకుని జిగురవుతుంది. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు చాలు. కదిలే కీళ్ళ దగ్గర, మడత దగ్గర, బ్రేకు మలుపు దగ్గర. మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. టైరుకూ బ్రేకు ఆనేచోటా నూనె తగలకూడదు.

కుర్చీని గొట్టంతో నీళ్ళు కొట్టి కడగాలనిపిస్తుంది. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడిస్తే మంచిది. నీళ్ళు బేరింగుల్లోకి పోతే లోపలి గ్రీజు పోతుంది. పైపూత లేచినచోట తుప్పు మొదలవుతుంది. అదే కుర్చీని స్నానాలగదిలోకి తీసుకుపోయే ఇళ్ళలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి చాలు. వాన కురిసిన రోజు బయటికి వెళ్ళొస్తే, మనం తల తుడుచుకునేటప్పుడు దాన్నీ ఒకసారి తుడవాలి.

నట్లూ బోల్టులూ నెలకోసారి చేత్తో తడిమి చూడాలి. తోసేవారు పట్టుకునే పిడుల రబ్బరు జారిపోతోందా, పాదాల పలక అంచు ఎక్కడైనా పదునుగా లేచిందా, చేతి రింగు మీద గీతలు పడి అరచేయి కోసుకుంటోందా అన్నవి చూస్తే తెలుస్తాయి. కాళ్ళలో స్పర్శ లేనివారికి పాదం గీసుకుపోయినా తెలియదు. వాళ్ళ తరఫున మన వేళ్ళు ముందే తెలుసుకోవాలి.

చువ్వలను ఒక్కొక్కటే వేలితో మీటి చూస్తే వదులుగా ఉన్నది వెంటనే తెలిసిపోతుంది. ఒక చువ్వ వదులైతే పక్కవాటి మీద భారం పడుతుంది, చక్రం వంకర తిరుగుతుంది. దాన్ని సరిచేయడం ఇంట్లో అయ్యే పని కాకపోవచ్చు. అందుకు పెద్ద దుకాణమేమీ అక్కర్లేదు. చెట్టుకింద నీళ్ళ బేసినూ, పంపూ పెట్టుకుని కూర్చునే సైకిలు మిస్త్రీకి అది రోజూ చేసే పనే.

ఇందిరాపురానికి ఆ విద్య దూరం కాదు. పక్కనే సాహిబాబాద్‌లో అట్లాస్ సైకిళ్ళ ఫ్యాక్టరీ ఉండేది. మన ఊళ్ళలో ఒక తరం మొత్తం అట్లాస్ సైకిలెక్కి బడికీ పొలానికీ వెళ్ళింది. ఆ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఫ్యాక్టరీ ఆగిపోయినా చక్రం సరిచేయడం తెలిసిన చేతులు ఈ వీధుల్లో ఇంకా ఉన్నాయి. చక్రాల కుర్చీ తీసుకెళితే వాళ్ళు చూపే శ్రద్ధ చూడాలి. వరసలో ముందున్న సైకిలు పక్కన పెట్టి, బాబూజీని ముందు పంపించేద్దాం అంటారు.

ఇవన్నీ ఇనుము గురించి. సీటు దగ్గరికి వచ్చేసరికి విషయం ఒంటికి వస్తుంది.

గొట్టాల మధ్య బిగించిన రెక్సిను రోజులు గడిచేకొద్దీ కిందికి సాగుతుంది. మనిషి నడుము ఒక పక్కకు ఒరుగుతుంది, వీపు వంగుతుంది. పెద్దవాళ్ళు అలా ఒరిగి కూర్చుంటే వయసు అనుకుంటాం. కొన్నిసార్లు వయసు కన్నా సీటే కారణం. మీద వేసే స్పాంజి పరుపు కూడా అంతే. పైన గుడ్డ కొత్తగా ఉన్నా లోపల స్పాంజి అణిగి పలచబడిపోయి ఉంటుంది. చెయ్యి పెట్టి నొక్కితే అడుగున గట్టిగా తగులుతుంది.

ఎక్కువసేపు కదలకుండా కూర్చునేవారికి పరుపు అణిగిపోతే ఒత్తిడి పుండ్లు పడతాయి. మొదట చర్మం మీద ఎర్రని మచ్చలా కనిపిస్తాయి, తరవాత లోతుకు పోతాయి, మానడానికి నెలలు పడతాయి. అందుకే పరుపు ఎంత మెత్తగా ఉందో, తడిగా ఉందా పొడిగా ఉందా అన్నది, కుర్చీ శుభ్రంలో అన్నిటికన్నా పెద్ద విషయం. గుడ్డ ఉతకాలి, స్పాంజిని నీడలో బాగా ఆరబెట్టాలి, అణిగితే మార్చాలి. రోజూ ఒకసారి చర్మం చూసుకోవాలి. కూర్చున్నవారు కాసేపటికోసారి బరువు అటూ ఇటూ మార్చుకునేలా మనమూ గుర్తుచేస్తుండాలి.

మడతపెట్టడానికి కూడా ఒక పద్ధతి ఉంది. సీటును మధ్యలో పట్టుకుని పైకి లాగితే కుర్చీ మడతపడుతుంది. తెరిచేటప్పుడు సీటు అంచు గొట్టాలను అరచేతులతో కిందికి నొక్కాలి. వేళ్ళు గొట్టం చుట్టూ పెడితే నలుగుతాయి. మెట్లు ఎక్కించాల్సి వస్తే ఊడివచ్చే చేతిపట్టీలనో, పాదాల పలకలనో పట్టుకుని ఎత్తకూడదు. మామూలు ఇనుప కుర్చీ 15 నుంచి 20 కిలోల బరువు ఉంటుంది. అందులో మనిషి కూడా ఉంటే పట్టు ఎక్కడన్నది ముందే మాట్లాడుకోవాలి.

ఇంత చెప్పినా, కుర్చీ ఎలా ఉందో మనందరికన్నా ముందు తెలిసేది కూర్చున్న మనిషికే. మన చెవికి చప్పుడు వినిపించేసరికి వాళ్ళ చేతులకు ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. ఎడమ చక్రం బరువుగా ఉందని, వాలులో బండి కుడివైపు పోతోందని, గడప దాటేటప్పుడు ఏదో కదులుతోందని వాళ్ళకు తెలుసు. చాలామంది చెప్పరు. ఇప్పటికే అందరికీ శ్రమ ఇస్తున్నాం, మళ్ళీ ఇదొకటా అనుకుంటారు. మన పెద్దవాళ్ళ మౌనంలో చాలావరకు ఇలాంటి మొహమాటమే.

అందుకని అడగడం మంచిది. “బండి ఎలా నడుస్తోంది నాన్నా?” అని అడిగి చూడండి. మోకాళ్ళ గురించి అడిగితే బాగానే ఉందంటారు. మందుల గురించి అడిగితే వేసుకున్నానంటారు. బండి గురించి అడిగితే మాత్రం వివరంగా చెబుతారు. ఎందుకంటే అది రోగం గురించిన ప్రశ్న కాదు, ప్రయాణం గురించినది. సైకిలు కొన్న రోజులు, మొదటి స్కూటరు, ప్లగ్గు తుడిచిన ఆదివారాలు అన్నీ ఆ మాటల్లోకి వచ్చేస్తాయి.

నిజానికి ఆ తరం మగవాళ్ళలో చాలామందికి పానా పట్టుకోవడం వచ్చు. ఆడవాళ్ళలో చాలామందికి కుట్టుమిషను విప్పి నూనె వేసి మళ్ళీ బిగించడం వచ్చు. మనం పని చేస్తుంటే వాళ్ళను పక్కన కూర్చోబెట్టి చూపించమని అడగవచ్చు. స్క్రూ ఎటు తిప్పాలో అమ్మమ్మ చెబుతుంటే మనవడు తిప్పుతాడు. చేతులు బాగా ఆడేవారైతే చాలా పని తామే చేసుకుంటారు. సాధనాలు అందే ఎత్తులో పెడితే సరిపోతుంది.

చక్రాల కుర్చీ గురించి రాల్ఫ్ హాచ్‌కిస్ అనే అమెరికన్ ఇంజినీరు కథ ఒకటి గుర్తుచేసుకోదగ్గది. 1966లో మోటారుసైకిలు ప్రమాదంలో ఆయన నడక కోల్పోయారు. 1980లో నికరాగువా వెళ్ళినప్పుడు అక్కడ నలుగురు కుర్రాళ్ళు కలిసి ఒకే ఒక్క చక్రాల కుర్చీని వాడుకుంటూ కనిపించారు. విరిగినచోట అతికించుకుంటూ, తమకు తోచిన మార్పులు చేసుకుంటూ దాన్ని నడుపుకుంటున్నారు. ఆయన వాళ్ళకు నేర్పడంతోపాటు వాళ్ళ దగ్గరా నేర్చుకున్నారు. దొరికే సామానుతో, ఊరి పనివాడి చేత్తో బాగుచేసుకోగలిగే కుర్చీలు ఉండాలన్న ఆలోచనకే తరవాతి జీవితమంతా ఇచ్చారు.

నలుగురికి ఒకే కుర్చీ అంటే, ఒకరు బయటికి వెళితే ముగ్గురు ఎదురుచూడాలి. అలాంటి చోట ఒక చక్రం ఆగిపోతే నలుగురి రోజూ ఆగిపోతుంది. దాన్ని వాళ్ళు ఎంత జాగ్రత్తగా చూసుకుని ఉంటారో ఊహించగలం.

మన ఢిల్లీలోనూ ఒక పెద్దమనిషి ఉండేవారు. మేజర్ హెచ్.పి.ఎస్. అహ్లూవాలియా 1965 మే 29న ఎవరెస్టు శిఖరం ఎక్కారు. అదే ఏడాది పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో తూటా తగిలి వెన్ను దెబ్బతింది. ఆ తరవాత ఐదు దశాబ్దాలకు పైగా చక్రాల కుర్చీలోనే జీవించారు. ఆ కుర్చీలో ఉండే వసంత్ కుంజ్‌లో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ కట్టించారు. 2022 జనవరిలో కన్నుమూశారు. వెన్ను దెబ్బతిన్నవారు ఎందరో మళ్ళీ కూర్చోవడం, కుర్చీ నడుపుకోవడం, బతుకులోకి తిరిగి రావడం అక్కడ నేర్చుకున్నారు.

మనకు దానగుణం తక్కువేమీ కాదు. పుట్టినరోజనో, అమ్మానాన్నల జ్ఞాపకంగానో చక్రాల కుర్చీలు ఇచ్చేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఇదే ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూర్‌లో 1972లో ఏర్పడిన ఆలింకో సంస్థ ఇలాంటి సాధనాలు తయారుచేసి దేశమంతా పంపుతోంది. 2017 ఏప్రిల్ 1న పేద వృద్ధులకు కుర్చీలు, చేతికర్రలు, వినికిడి యంత్రాలు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన మొదలైంది మన నెల్లూరులోనే. అలాంటి రోజున కొత్త కుర్చీలో కూర్చున్న ముఖాల్లోని వెలుగు మరిచిపోయేది కాదు.

ఆ రోజు తరవాత ఆ కుర్చీకి వేల రోజులు ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన మార్గదర్శకాల్లో చక్రాల కుర్చీ సేవను ఎనిమిది మెట్లుగా చెప్పింది. మనిషిని చూడటం, కొలతలు తీసుకోవడం, సరైన కుర్చీ ఎంచడం, అమర్చడం, నేర్పడం ఇవన్నీ అందులో ఉన్నాయి. ఎనిమిదో మెట్టు, మళ్ళీ వెళ్ళి పలకరించడం, కుర్చీ బాగోగులు చూడటం, మరమ్మతు చేయడం. మొదటి ఏడు మెట్లూ కొద్దికాలంలో పూర్తవుతాయి. ఎనిమిదోది కుర్చీ ఉన్నన్నాళ్ళూ ఉంటుంది, అది ఎక్కువగా ఇంట్లోవాళ్ళకే దక్కుతుంది.

ఇంట్లో చూసుకోవడం అన్నది బయటికి కనపడే పని కాదు. పసిపిల్లకు గోళ్ళు తీయడం, నానమ్మ కళ్ళజోడు తుడిచి పెట్టడం, తాతయ్య చెవి యంత్రంలో బ్యాటరీ మార్చడం వంటిదే ఇదీ. ఎవరూ ఫొటో తీయరు, ఎవరూ గుర్తుపెట్టుకోరు. కుర్చీ బాగుచేసిన రోజు మాత్రం అందులో కూర్చునే మనిషి ఎవరినీ పిలవకుండా వంటగది దాకా వెళ్ళి మంచినీళ్ళు తెచ్చుకోగలుగుతారు. కిటికీ దగ్గరికి జరిగి మెట్రో పోవడం చూడగలుగుతారు. తలుపు కొడితే తామే వెళ్ళి తీయగలుగుతారు.

వైశాలి దాకా మెట్రో వచ్చింది, సాహిబాబాద్‌కు నమో భారత్ రైలు వచ్చింది. వాటిలో చక్రాల కుర్చీకి చోటు ఉంది, స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి. ఆంధ్రాభవన్ భోజనానికి వెళ్ళాలని సరదాపడే పెద్దవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. ముద్దపప్పు, గోంగూర, గడ్డపెరుగు గుర్తొస్తే ఎవరికి వెళ్ళాలనిపించదు? కుర్చీ మంచి స్థితిలో ఉందన్న ధైర్యం ఉంటే బయలుదేరుదాం అన్న మాట సులువుగా నోటికొస్తుంది. ముందు చక్రం ఎక్కడ ఆగిపోతుందోనన్న బెంగ ఉంటే, ఇంకోసారి చూద్దాంలే అంటారు. అలా ఎన్నో ప్రయాణాలు ఇంట్లోనే ఆగిపోతాయి.

కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో అమెరికా వెళ్ళే మన అమ్మలు చాలామంది విమానాశ్రయంలో చక్రాల కుర్చీ ఎక్కే ఉంటారు. నడవగలిగినా, భాష రాని చోట దారి తప్పకుండా అది చేయిపట్టుకుని తీసుకెళుతుంది. ఎవరో తుడిచి, గాలి కొట్టి, సిద్ధంగా ఉంచిన కుర్చీ అది. కాసేపు కూర్చుని దిగిపోయే దానికే అంత సిద్ధపాటు కావాల్సి వచ్చినప్పుడు, పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా కూర్చునే కుర్చీకి ఇంకెంత కావాలో తేలిగ్గానే తెలుస్తుంది.

ఒకరోజు ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. దాన్ని చూడలేక కొందరు అటక మీద పెట్టేస్తారు. కొందరు వెంటనే ఎవరికైనా ఇచ్చేస్తారు. ఇచ్చేముందు ఒకసారి చక్రాలు చూసి, పరుపు కొత్తది వేసి, బ్రేకు బిగించి, మిస్త్రీ చేత చువ్వలు సరిచేయించి ఇస్తే బాగుంటుంది. తీసుకునేవారి ఒంటికి, ఎత్తుకు అది సరిపోతుందో లేదో కూడా కనుక్కోవాలి. పోయినవారి పేరు చెప్పి ఇచ్చే వస్తువు మరో ఇంట్లో హాయిగా తిరగాలనే కదా మన కోరిక.

మనకు పనిముట్లకు మొక్కే అలవాటు ఉంది. దసరాకు స్కూటరుకూ కారుకూ బొట్టుపెట్టి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయ తొక్కిస్తాం. కుట్టుమిషనుకూ, తరాజుకూ, ట్రాక్టరుకూ పసుపు కుంకుమ అందుతాయి. చక్రాల కుర్చీ కూడా ఆ వరసలో ఉండదగ్గదే. కాళ్ళకు బదులు పనిచేస్తున్న ఆ చక్రాలకు ఆ పూట ఒక బొట్టు పెడితే, దానిలో కూర్చున్నవారికి దాన్ని చూసి సిగ్గుపడాల్సిన పని లేదని ఇంటిల్లిపాదీ చెప్పినట్టవుతుంది.

అంతవరకూ ఆగనక్కర్లేదు. ఈ ఆదివారం టీ తాగాక ఒక పది నిమిషాలు చాలు. మీ ఇంట్లోనో, మీ అంతస్తులోనో, ఊళ్ళో మీ పెద్దమ్మగారింట్లోనో చక్రాల కుర్చీ ఉంటే ముందు అందులో కూర్చునేవారిని అడగండి, ఎక్కడ బరువుగా ఉందో, ఎక్కడ కదులుతోందో. వాళ్ళు సరేనన్నాకే చెయ్యి వేయండి. టైరు నొక్కి చూడండి, ముందు చక్రాల్లో చుట్టుకున్న పోగులు తీయండి, పరుపు కింద చెయ్యిపెట్టి చూడండి, ఇరుసుకు రెండు చుక్కల నూనె వేయండి. పైవారం కూడా మరిచిపోకండి.